సైకిలు ఫ్రేము కోసం నా వెతుకులాట
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను 'విశ్రాంత జీవితం - ఆరోగ్యం' అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఆరోగ్యం గురించి నాకంటే ముందు మాట్లాడిన డాక్టరుగారు అంతా చెప్పేశారు. ఉప్పు తగ్గించమన్నారు, నడవమన్నారు. నాకు తెలిసిన విషయం ఇంకొకటి ఉంది. ఒక సైకిలు ఫ్రేము చేయించుకోవటానికి నేను పడిన పాట్లు. వారి అనుమతితో అదే చెబుతాను.

నేను వర్క్‌షాపులో వెల్డింగు సెక్షన్‌లో 34 సంవత్సరాలు పనిచేశానని మీలో చాలామందికి తెలుసు. నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. ఇదీ మీకు కనిపిస్తూనే ఉంది. ఈ రెండు సంగతులూ మనసులో పెట్టుకోండి. నా కష్టాలన్నీ ఈ రెండింటి నుంచే వచ్చాయి.

2019లో రిటైరయ్యాక ముగ్గురు మిత్రులం ఒక ఆలోచన చేశాం. నేను, గార్డుగా రిటైరైన ఒకాయన, స్టోర్సులో పనిచేసిన మరొకాయన. గోదావరి మన నేల మీదికి వచ్చే బాసర దగ్గర బయలుదేరి, సముద్రంలో కలిసే అంతర్వేది దాకా సైకిళ్ళ మీద వెళ్ళాలని. రోజుకు 50 కిలోమీటర్లు, సత్రాల్లో మకాం. ఒక్కొక్కరికి బట్టలు, మందులు, దుప్పటి, పంపు, పనిముట్లు కలిపి 15 కిలోల సామాను. వాళ్ళిద్దరికీ షాపులో దొరికే సైకిళ్ళు సరిపోయాయి. నాకు సరిపోలేదు. నాకందే సైజు అని ఇచ్చినవాటి మీద కూడా హ్యాండిల్ అందుకోవాలంటే ముందుకు సాగిలపడాలి. 20 కిలోమీటర్లు పోయేసరికి అరచేతులు తిమ్మిరెక్కేవి, మెడ పట్టేసేది. సీటు ముందుకు జరిపితే మోకాలు నొప్పి. కాబట్టి నా కొలతకు ఉక్కు గొట్టాలతో ఫ్రేము చేయించుకోవాలని నిశ్చయించుకున్నాను.

ఉక్కే ఎందుకని అడుగుతారు. పల్లెటూళ్ళో విరిగినా అతికించేవాడు దొరుకుతాడు. అల్యూమినియం అయితే అక్కడితో యాత్ర సమాప్తం.

ఇక్కడ నా వృత్తి గర్వం అడ్డొచ్చింది. మన దేశంలోనే ఒక పెద్ద నగరంలో చేతిపనితో ఫ్రేములు కట్టే ఆయన ఉన్నాడని విని ఫోను చేశాను. ఆయన చేసిన అతుకుల ఫోటోలు పంపించాడు. ఏం అతుకులండీ! చేపపొలుసులు పేర్చినట్టు ఒకే వరస. 34 ఏళ్ళు వెల్డింగు చేసినవాణ్ణి, ఆ ఫోటోలు చూడగానే 'ఇతనే' అనేసుకున్నాను. గంటసేపు మాట్లాడుకున్నాం. అంతసేపూ గొట్టాల గురించే. బర్మింగ్‌హామ్‌లోని రేనాల్డ్స్ వారు 1897లోనే చివర్లు మందంగా, నడుమ పల్చగా ఉండే గొట్టానికి పేటెంటు పొందారనీ, 1935లో వచ్చిన వారి 531 రకంలో మాంగనీసు, మాలిబ్డినం కలుస్తాయనీ నేను చెప్పటం, ఆయన అవునవుననటం. నా శరీరం గురించి ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు. ఎత్తెంత, కాలి పొడవెంత. నేను టేపుతో కొలిచి ఫోనులో చెప్పాను. 2021 డిసెంబరులో 60 శాతం అడ్వాన్సు పంపాను. 4 నెలల్లో ఇస్తానన్నాడు.

14 నెలలు పట్టింది. నెలనెలా ఒక కారణం. గొట్టాలు రాలేదు, రంగు వేసేవాడు ఊళ్ళో లేడు. 2022 చలికాలంలో బయలుదేరాలనుకున్న యాత్ర వాయిదా పడింది. చివరికి 2023 ఫిబ్రవరిలో ఫ్రేము వచ్చింది. చూడటానికి పెళ్ళికూతురులా ఉంది. మన పద్ధతిలో దారం పరీక్ష చేశాను. వెనక చక్రం బిగించే ఒక కొస నుంచి దారం తీసుకెళ్ళి హెడ్ గొట్టం చుట్టూ తిప్పి రెండో కొసకు కట్టి, సీటు గొట్టానికి అటూ ఇటూ ఎంత దూరం ఉందో కొలవటం. రెండు వైపులా సమానంగా ఉంది. పనిలో వంక పెట్టటానికి లేదు.

చక్రాలు బిగించి కాలనీ మలుపు తిప్పాను. పాలబూతు ముందు, నలుగురూ చూస్తుండగా, పడ్డాను.

కారణం చాలా చిన్నది. నా చేతులకు అందాలని పై గొట్టం పొట్టిగా చేశాడు, అది సరే. కానీ పెద్ద ఫ్రేములకు వేసే 700సి చక్రాలే వేసేలా కట్టాడు. దాంతో ముందు చక్రం పెడలు మీదికి వచ్చేసింది. నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు నా బూటు కొన టైరుకు తగులుకుంది. మణికట్టు బెణికి మూడు వారాలు కట్టుతో తిరిగాను. వేరే చక్రాలు వేద్దామంటే, బ్రేకు కోసం ఫ్రేముకు అతికిన ముళ్ళు రిమ్ము కొలతను బట్టి ఉంటాయి. చక్రం మారితే బ్రేకు దిమ్మ రిమ్ముకు అందదు. ఫోను చేస్తే, "మీరిచ్చిన కొలతల ప్రకారమే చేశానండీ" అన్నాడు. అది నిజమే. ఆయన్ను మోసగాడనను. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ వేసవిలోనే మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్ళాం. వాళ్ళుండేది డర్బీ. మనలాగే రైల్వే వర్క్‌షాపుల ఊరు. అక్కడ సైకిలు ఫ్రేములు చేతితో కట్టటం పాత వృత్తి. 1946లో మొదలైన మెర్సియన్ అనే సంస్థ ఆ ఊరిదే. మా అల్లుడు ఆదివారాలు సైకిలు తొక్కుతాడు. నా కథ విని, తన బృందంలో ఒకాయనకు ఫ్రేము కట్టిన ఒక ముసలాయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఊరి బయట ఇంటి వెనక షెడ్డు, ఒక్కడే పనివాడు. ఆయన పేరు చెప్పను, ప్రచారం ఇష్టపడే మనిషి కాదు.

నేను లోపలికి వెళ్ళగానే అలవాటు ప్రకారం గొట్టాల సంగతి ఎత్తాను. ఆయన విని, "అది చివర మాట్లాడుకుందాం, ముందు మా అల్లుడి పాత సైకిలు ఎక్కి వీధి చివరిదాకా వెళ్ళి రండి" అన్నాడు. వీధి అల్లుడి పాత సైకిలు కూడా నాకు పెద్దదే. నేను తొక్కుతుంటే వెనక నిలబడి చూశాడు. రాగానే మీ ఎడమ భుజానికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అన్నాడు. 1994లో క్రేను గొలుసు తగిలింది. మా ఆవిడకు తప్ప ఎవరికీ గుర్తులేదు ఆ సంగతి.

తర్వాత ప్రశ్నలు. ఎంత సామాను? ముందు కడతారా, వెనక కడతారా? తారు రోడ్డా, కంకరా? వర్షంలో తొక్కుతారా? చీకటి పడ్డాక? రోజుకు ఎన్ని గంటలు సీటు మీద కూర్చోగలరు? ఇంకో పదేళ్ళకు కాలు అంత పైకెత్తి ఎక్కగలరా? ఈ చివరి ప్రశ్నకు నాకు కోపం వచ్చింది గానీ, ఆయనకు నాకంటే నాలుగేళ్ళు ఎక్కువే. అందువల్లే పై గొట్టం వెనక్కి వాలుగా దిగింది.

అన్నిటికంటే నన్ను కదిలించిన ప్రశ్న: "మీ ఊళ్ళో, దారిలో వచ్చే చిన్న ఊళ్ళలో, ఏ టైరు దొరుకుతుంది?" 26 అంగుళాలది అన్నాను. ఏ 26 అన్నాడు. మిత్రులారా, ఇది మీలో సైకిలున్నవాళ్ళకు పనికొస్తుంది. 26 అని పిలిచే టైర్లు ఒకదానికొకటి సరిపోవు. 26 x 1 3/8 అని రాసి ఉంటే దాని రిమ్ము వ్యాసం 590 మిల్లీమీటర్లు. 26 x 1.75 లేక 1.95 అని దశాంశంలో రాసి ఉంటే 559. మన పాత నల్ల సైకిలుది 28 x 1 1/2, అంటే 635. షాపువాడు నోటితో చెప్పే సైజు నమ్మకండి, టైరు పక్కన అచ్చయిన ఈ మూడంకెలు చూడండి. మన పక్క కుర్రాళ్ళు తొక్కే లావు టైర్ల సైకిళ్ళలో చాలావాటివి 559. నేను మా మేనల్లుడికి ఫోను చేసి, నాలుగు ఊళ్ళ షాపుల్లో వేలాడే టైర్ల మీద అంకెలు చదివించాను. 559 ఖాయం చేశాం. 35 మిల్లీమీటర్ల టైరు వేసిన 700సి చక్రంతో పోలిస్తే 2 అంగుళాల టైరు వేసినా ఈ చక్రం వ్యాసార్ధం సుమారు 1.6 సెంటీమీటర్లు తక్కువ. నా బూటుకు కావలసింది ఆ 1.6 సెంటీమీటర్లే.

నేను తేలికైన గొట్టాలు కావాలన్నాను. కుదరదన్నాడు. డబ్బు ఎక్కువిస్తానన్నా ఒప్పుకోలేదు. ఉక్కు ఏ రకమైనా బిగువు దాదాపు ఒకటే, ఖరీదైన ఉక్కుకు బలం ఎక్కువ కాబట్టి గోడ పల్చగా లాగవచ్చు, అంతే తేడా. పల్చని గొట్టం మీద 15 కిలోలు కడితే సైకిలు తోక ఊపుతుంది. నడుమ 0.5 మిల్లీమీటర్లది వద్దు, 0.6 ఉండాలి అన్నాడు. ఈ పాఠం నేను అప్రెంటిసులకు చెప్పినదే! నా సైకిలు దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయాను. వెనక చక్రం కూడా బాగా వెనక్కి జరిపాడు. పందెం సైకిలుకు పెడళ్ళ ఇరుసు నుంచి వెనక ఇరుసుకు 41 సెంటీమీటర్లు ఉంటే నాకు 45 పెట్టాడు, సంచులకు మడమ తగలకుండా. అతుకు లగ్గులతో, ఇత్తడి బ్రేజింగు. వెల్డింగు అయితే ఇంకా త్వరగా అవుతుంది కదా అంటే, లగ్గులో గొట్టం పాడైతే వేడిచేసి ఊడదీసి కొత్తది పెట్టవచ్చు అన్నాడు.

వారం తర్వాత కాగితం మీద బొమ్మ గీసి, ప్రతి కొలతా రాసి, సంతకం పెట్టమని పంపాడు. బూటుకూ టైరుకూ మధ్య ఎంత సందు ఉంటుందో కూడా అందులో ఉంది. మొదటి ఫ్రేముకు అసలు బొమ్మే లేదు. అడగాలని నాకు తోచలేదు. అడ్వాన్సు గొట్టాల ఖర్చు వరకే తీసుకున్నాడు, మిగతాది పని అయ్యాక. ఈ విషయంలో జాగ్రత్త అవసరం. పేరు పాతదైనంత మాత్రాన భరోసా లేదు. ఇందాక చెప్పిన మెర్సియనే 2024 మేలో మూతపడుతున్నట్టు ప్రకటించింది. ఆ తర్వాత స్థానికులు కొందరు పూనుకుని నిలబెట్టారు.

ఎనిమిది నెలలన్నాడు, ఎనిమిది నెలలకే ఇచ్చాడు. 2024 మార్చిలో మా అల్లుడు వస్తూ అట్టపెట్టెలో తెచ్చాడు. ఖర్చెంతయిందో ఇక్కడ చెప్పను, మా ఆవిడ మూడో వరసలో కూర్చుని ఉంది.

అయితే ఒక సంగతి చెప్పాలి. నేను ఇంగ్లండులో ఉండగానే, 2023 ఆగస్టులో, మా గార్డుగారికి గుండె ఆపరేషను జరిగింది. సైకిలు తొక్కకూడదన్నారు. మొదటి ఫ్రేము అన్న సమయానికి, నాకు సరిపోయేలా వచ్చి ఉంటే 2022 చలికాలంలోనే ముగ్గురం వెళ్ళివచ్చేవాళ్ళం. ఆయన దగ్గరికి వెళ్ళి ఈ మాటే అన్నాను. "సిగ్నల్ పడలేదు గురూ, దానికేం చేస్తాం" అన్నాడు. నాకు మాత్రం ఆ అతుకుల ఫోటోలే కళ్ళముందు కనిపించాయి.

2024 డిసెంబరులో మేమిద్దరం బయలుదేరాం. గార్డుగారు రైల్లో బాసర వచ్చి, తెల్లవారుజామున గుడి ముందు నిలబడి, దాచుకున్న పచ్చ జెండా ఊపి మమ్మల్ని సాగనంపాడు. ధర్మపురి, మంథని, కాళేశ్వరం, ఏటూరునాగారం, భద్రాచలం. అక్కడి నుంచి మారేడుమిల్లి ఘాటు ఎక్కే ధైర్యం చాలక అశ్వారావుపేట, జంగారెడ్డిగూడెం మీదుగా కొవ్వూరు చేరాం. 17 రోజులకు అంతర్వేదిలో ఉప్పునీళ్ళు తాకాం. అరచేతులు తిమ్మిరెక్కలేదు.

మంథని దాటాక నా వెనక టైరు పక్క చీలిపోయింది. తోసుకుంటూ ఒక ఊరు చేరితే, కిరాణా పక్కన సైకిలు షాపులో పైన వేలాడుతూ ఒక టైరు కనిపించింది. అంకెలు చదివాను. 559. ఆ కుర్రాడు నా సైకిలు అటూ ఇటూ తిప్పి చూసి, "ఎక్కడ కొన్నరు తాతా, మన రేంజర్ టైరే పట్టింది" అన్నాడు.

సైకిలు బయట షెడ్డులో పెట్టాను. చూడాలనుకున్నవారు భోజనాల ముందు చూడవచ్చు, ఎక్కి తిప్పవచ్చు కూడా. సీటు ఎత్తు మాత్రం మార్చవద్దని మనవి. సెలవు.