రేవులో ఒక దినము

సముద్రయాన మనగనే మన మనస్సునకు తుపానులు, కొండలవంటి అలలు, దరి కానరాని రాత్రులు తట్టును. నావ రేవు చేరిన దనగా కథ ముగిసిన దని తలంతుము. కాని నావికుల నడిగిన మఱియొక మాట చెప్పుదురు. రేవు చేరిన దినము విశ్రాంతిదినము కాదు. అది పనుల దినము, కాగితముల దినము.

వడ్లమూడి, దుగ్గిరాల ప్రాంతములవారి కీమాట క్రొత్త కాదు. దుగ్గిరాల నుండి పెదగంజాము వఱకు సాగు కొమ్మమూరు కాలువపై సరకుల పడవలు నడచిన కాలమున, పడవ లాకు చేరిన దనిన పడవవారికి చేతినిండ పని. అడుగున చేరిన నీరు తోడిపోయుట, మోకులు సరిచూచుట, చిరిగిన చాప కుట్టుకొనుట ఒక వంక. 1890 నాటి కాలువల చట్టము ననుసరించి పడవ నమోదు, లైసెన్సు, సుంకము మఱియొక వంక.

దేశదేశముల రేవులు చూచివచ్చు చిన్న తెరచాపనావ సంగతియు నిట్టిదే. పరదేశపు రేవు సమీపించగనే అది పసుపుపచ్చని జెండా ఎగురవేయవలెను. 'మా నావలో రోగము లేదు; లోనికి రానిండు' అని దాని యర్థము. పూర్వము రోగభయముచే నావలను నలువది దినములు దూరముగ నిలిపెడివారు. క్వారంటైను అను మాట ఆ నలువది నుండియే పుట్టినది. అధికారులు వచ్చి చూచి అనుమతించు వఱకు నావికులు ఊరిలోనికి పోరాదు. నావపత్రము, నావికుల జాబితా, పాస్‌పోర్టులు, వెనుకటి రేవువారిచ్చిన సెలవుచీటి అన్నియు సిద్ధముగ నుండవలెను. వ్రాసిన పేరులే పదిమాఱులు వ్రాయవలెను.

న్యూజిలాండు వంటి దేశమున అధికారి వంటయింటి అరలను గూడ వెదకును. తాజా పండ్లు, తేనె, మొలకెత్తగల గింజలు దింపనీయరు. వారములతరబడి నిద్రలేక వచ్చినవారి కిది చాదస్తముగ తోచుట సహజము. కాని మన గుంటూరు మిరప రైతు నడుగుడు. 2021లో తోటలకు తోటలనే పాడుచేసిన నల్ల తామరపురుగు ఆగ్నేయాసియా నుండి వచ్చినది. కంటి కానని పురుగొకటి ఎల్ల దాటినచో ఎన్ని యిండ్లు అప్పులపాలగునో ఆ రైతు చెప్పగలడు. అధికారి వెదకునది మన పండును కాదు, పండులో దాగిన పురుగును.

అధికారులు వెడలిన పిమ్మట అసలు పనులు మొదలగును. ఉప్పు పేరుకొన్న బట్టలను మంచినీట ఉతుకవలెను. నీటితొట్లు, నూనెతొట్లు నింపవలెను. బియ్యము, పప్పు లెక్కించి రాబోవు దినములకు పంచుకొనవలెను. ఒకరు మోకునకు కట్టిన పీటపై కూర్చుండి కొయ్య చివర వఱకు ఎక్కి, ప్రతి తీగెను, ప్రతి మేకును తడవి చూడవలెను. మఱియొకరు తెరచాప కుట్టు విడిన చోట సూది పట్టవలెను. ఇవి చూచువారు లేని పనులు. చప్పట్లు లేని పనులు.

వీని విలువ తారిణి నావ కథ వలన తెలియును. 56 అడుగుల ఈ భారత నౌకాదళపు తెరచాపనావపై 2017 సెప్టెంబరు 10న ఆఱుగురు స్త్రీలు గోవా నుండి భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. నాయకురాలు వర్తికా జోషి. ఆఱుగురిలో విశాఖపట్టణపు స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి మన తెలుగు ఆడుపడుచులు. నౌకాదళపు నావ గనుక అనుమతులు ప్రభుత్వముల నడుమ ముందుగనే కుదిరి యుండును. మరమ్మతుల చాకిరి మాత్రము ఎవరికిని తప్పదు. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్టు స్టాన్లీ, కేప్‌టౌను అను నాలుగు రేవులలో ఆగవలె నని వారి సంకల్పము. పసిఫిక్ మహాసముద్రమున గాలి గంటకు 110 కిలోమీటర్లు మించినను నావ తట్టుకొన్నది. కాని 2018 ఏప్రిలులో, ఇల్లు చేరువగుచుండగా, చుక్కాని యంత్రము చెడినది. లెక్కలో లేని అయిదవ రేవు, మారిషస్‌లోని పోర్టు లూయీ, చేరి దానిని బాగుచేసికొనవలసి వచ్చెను. చుక్కాని లేని నావకు నేర్పున్నను దిక్కుండదు గదా! పేరుకొఱకు తొందరపడి ముందునకు సాగక, ఆగి సరిచేసికొనుటయే వారి వివేకము. మే 21న ఆఱుగురును క్షేమముగ గోవా చేరిరి.

ఆ యాత్రకు పట్టిన 254 దినములలో 199 దినములు సముద్రముపై గడచినవి. తక్కిన 55 దినములను ఎవరును పొగడరు. అయినను ఆ 199 దినములను మోసినవి ఈ 55 దినములే.

రేవులో బిగించిన ముడి సముద్రము నుండి మనలను కాపాడును. రేవులో వ్రాసిన కాగితము మన వలన ఇతరులకు కీడు కలుగకుండ కాపాడును. రెండును విసుగు పుట్టించునవే. రెండింటిని ఓపికతో చేసినవాడే మరల లంగ రెత్తుటకు అర్హుడు.