జడభరతుని తండ్రి చూపిన ఓరిమి



శ్రీమద్భాగవతము పంచమస్కంధమునందలి జడభరతుని కథ మీరందఱు వినియున్నదే. ఆయన రహూగణ మహారాజు పల్లకిని మోయుటయు, రాజు నిందించుటయు, పిదప ఆ రాజే పాదములపై వ్రాలుటయు పౌరాణికులు విస్తరించి చెప్పుదురు. నేడు ఈ ఛత్రినాకలో, అంతకు ముందున్న యొక చిన్న ఘట్టమును మనవి చేసెదను.

ఆ బాలుని తండ్రి ఆంగిరస గోత్రీకుడగు బ్రాహ్మణుడు. ఉపనయనము చేసి గాయత్రిని నేర్పబూనెను. వసంత గ్రీష్మములు నాలుగు మాసములు గడచినను బాలునకు మంత్రము పట్టుబడలేదు. అయినను తండ్రి విసువక, శౌచాచమనములు మొదలుకొని నేర్పుచునే యుండెను. ఆయన గతించిన పిమ్మట సవతి అన్నలు జడుడని యెంచి విద్య మాన్పించిరి. నూకలు, తెలికపిండి, మాడిన యన్నము పెట్టి పొలము కాపలాకు ఉంచిరి. బాలుడొక్కడే. తండ్రి యొద్ద శిష్యుడు, అన్నల యొద్ద కూలివాడు. మార్పు బాలునిలో కలుగలేదు, చుట్టునున్నవారిలో కలిగినది.

ఒక మాట స్పష్టము చేయవలెను. భరతుడు జ్ఞాని, కావలెననియే జడునివలె నుండెను. మన యిండ్లలోని బుద్ధిమాంద్యము గల పిల్లలు అట్టివారని చెప్పి నేను మిమ్ము భ్రమపెట్టను. ప్రసవవేళ ప్రాణవాయువు అందకపోవుట, క్రోమోజోముల భేదము, గర్భవతికి అయొడిన్ చాలకపోవుట వంటి కారణములను వైద్యులు చెప్పుచున్నారు. కొందఱి విషయమున కారణమే తెలియదు. కాని ఆ తండ్రి ఓరిమి వారికిని కావలసినదే.

చాల యేండ్ల క్రిందట ఒక తల్లి మాటరాని కుమారుని వెంటబెట్టుకొని నాయొద్దకు వచ్చినది. గంట మ్రోగగనే వాడు చెవులు మూసికొని కేకలు వేసెను. "మేమేమి పాపము చేసితిమి పంతులుగారూ?" అని ఆమె అడుగగా, "పూర్వజన్మ కర్మమమ్మా, అనుభవింపవలసినదే" అంటిని. ఆమె మరల గుడికి రాలేదు. వేదము చదివిన నోట వచ్చిన ఆ మాట నేటికిని నన్ను దహించుచున్నది. కర్మసిద్ధాంతము మన నడవడిని మనము దిద్దుకొనుటకు గాని, పరుల దుఃఖమునకు తీర్పు చెప్పుటకు కాదు. ఆనాడు నాకెదురైన కర్తవ్యము ఆ బిడ్డకు తోడ్పడుట. దానిని నేను తప్పితిని.

ఇట్టి తల్లిదండ్రులను రేయింబవళ్లు తొలుచు ప్రశ్న యొక్కటే: "మా తరువాత వీనికి దిక్కెవరు?" మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము జడునకు దాయభాగము లేదన్నది. అయినను యావజ్జీవము అన్నవస్త్రములీయని దాయాది పతితుడగునని శాసించినది. నేటి చట్టము అంతకు మించినది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము శరీరలోపము గాని, బుద్ధిలోపము గాని వారసత్వహక్కును పోగొట్టదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము ననుసరించి, పెద్దవారైన ఇట్టి బిడ్డలకు సంరక్షకుని నియమించు స్థానిక కమిటీ కలదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము, నలువది శాతమునకు తక్కువ గాని వైకల్యము గల పిల్లలకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా నిచ్చినది.

సికింద్రాబాదు మనోవికాస్ నగరములో 1984లో నెలకొన్న జాతీయ సంస్థ యున్నది. అచ్చట పిల్లలను పరీక్షించి, తల్లిదండ్రులకును శిక్షణ నిత్తురు. మనకది మూసీ దాటి పోవలసిన దూరమే. మెడ నిలుపని శిశువును, పిలిచినను పలుకని బిడ్డను, మాట ఆలస్యమైన బిడ్డను "పెద్దయిన వచ్చునులే" అని జాగు చేయక చూపింపుడు. ఎంత ముందు మొదలిడిన అంత మేలు.

ఆషాఢమున లాల్ దర్వాజ బోనాలకు ఊరెల్ల వీధిలో నుండగా, డప్పుల మ్రోతకు తాళలేని బిడ్డతో ఒక తల్లి తలుపు మూసికొని లోపలనే యుండును. పొరుగువారు ఒక గంటసేపు ఆ బిడ్డయొద్ద కూర్చుండినచో ఆమెయు అమ్మవారికి బోనమెత్తగలదు. గుడిలో సందడి లేని వేళ, గంట మ్రోగింపక, ఆ బిడ్డకు దర్శనము చేయింపవచ్చును. కేక వేసిన బిడ్డను కసరకుడు, తల్లివంక వింతగ చూడకుడు.

నాడు నేను పోగొట్టుకొన్న ఆ తల్లిని మీరు మీ వీధిలో వెదకి, గుడికి తోడుకొని రండు. ఇదియే నా ప్రార్థన.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.