ఆలస్యమైన ఉత్తరము
(నాగల్‌గిద్దలో జరిగిన కుటుంబ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవ సందర్భములో మన పెద్దల కాలమును జ్ఞాపకము చేసుకొనుచున్నాము. వారు కట్టిన గుడులను, బడులను, వైద్యశాలలను గూర్చి మనము తరచుగా చెప్పుకొందుము. ఆ పనులన్నిటి వెనుక నడిచిన ఒక చిన్న వస్తువును మాత్రము మరచిపోవుచుందుము. అది ఉత్తరము. సముద్రముల అవతల నుండి వచ్చిన ఉత్తరములు, ఇక్కడి నుండి అక్కడికి పోయిన ఉత్తరములు లేకపోతే ఆ పనులలో అనేకము జరిగియుండేవి కావు. ఈ సాయంత్రము ఆ ఉత్తరములను గూర్చి, ముఖ్యముగా యుద్ధకాలములో దారి తప్పించుకొని ఆలస్యముగా వచ్చిన ఉత్తరములను గూర్చి కొన్ని మాటలు చెప్పగోరుచున్నాము.

ఇందుకు కారణమున్నది. మన ఇండ్లలో నేడు ఫోను లేని మనిషి లేడు. సందేశము పంపిన తరువాత నీలి గీతలు రెండు కనబడి, అరగంటలో జవాబు రాకపోతే చాలు, “చూసి కూడా పలుకలేదు, మమ్ములను లెక్క చేయడు” అని తీర్పు తీర్చుచున్నాము. అన్నదమ్ములు, అత్తాకోడండ్లు ఈ మాట మీదనే మాటలు మానుకొన్న సంగతి పాదిరిగారికి తెలియకుండ ఉండదు. కనుక నెలల తరబడి జవాబు కొరకు ఎదురుచూచినవారి చరిత్ర మనకు మేలు చేయునని తలంచుచున్నాము.

ముందుగా మన ప్రాంతపు సంగతి. నారాయణఖేడ్ తాలూకా 1956కు ముందు హైదరాబాదు సంస్థానములోని బీదరు జిల్లాలో ఉండెడిది. ఆ సంస్థానమునకు సొంత తపాలా ఉండెడిది. నిజాము ప్రభుత్వపు స్టాంపు సంస్థానపు సరిహద్దు వరకే చెల్లెడిది. సరిహద్దు దాటి పోవలసిన జాబుకు బ్రిటిషు ఇండియా తపాలాయే గతి. సంస్థానపు తపాలా 1950లో భారత తపాలాలో కలిసిపోయినది. విదేశపు జాబు బొంబాయి రేవులో దిగి, రైలెక్కి, ఆ మీద బండి మీదనో కాలినడకననో పల్లెకు చేరవలసియుండెను. ఓడలో మాత్రమే ఇంగ్లాండు నుండి బొంబాయికి రెండు మూడు వారములు పట్టెడిది.

విమానము వచ్చిన తరువాత ఈ లెక్క మారినది. 1929 మార్చి 30న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సంస్థ లండను నుండి కరాచీకి విమానపు టపా ప్రారంభించినది. ఆ ప్రయాణమునకు సుమారు ఒక వారము పట్టెడిది. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటాగారు తామే చిన్న విమానము నడుపుకొని కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి టపా సంచులు తెచ్చిరి. అక్కడ నుండి నెవిల్ విన్సెంటుగారు బళ్ళారి మీదుగా మద్రాసుకు తీసికొనిపోయిరి. తరువాత హైదరాబాదు కూడ ఆ మార్గములో చేరినది. 1938లో ఇంకొక మేలు జరిగినది. బ్రిటను నుండి మన దేశమునకు వచ్చు మామూలు ఉత్తరములన్నియు, వేరే విమానపు రుసుము లేకుండ, అరఔన్సుకు ఒకటిన్నర పెన్నీ చొప్పున విమానములోనే రాసాగినవి. నీటి మీద వాలు విమానములు సౌతాంప్టన్‌లో లేచి, మధ్యధరా సముద్రము మీదుగా ఈజిప్టు, ఇరాకు దాటి కొద్ది దినములలో కరాచీ చేరెడివి. బీదవాడు కూడ విమానపు ఉత్తరము వ్రాయగలిగిన కాలమది.

ఆ సుఖము రెండేండ్లయినను నిలువలేదు. 1939 సెప్టెంబరులో యుద్ధము మొదలు కాగానే ఆ చవక పద్ధతి ఆగిపోయినది. బ్రిటను నుండి మన దేశమునకు విమానపు జాబు వ్రాయవలెనన్న అరఔన్సుకు ఒక షిల్లింగు మూడు పెన్నీలు, అనగా పదిహేను పెన్నీలు పెట్టవలసివచ్చెను. ఒక్కసారిగా పదింతలు! ఆ డబ్బు లేనివారి ఉత్తరము తిరిగి ఓడ ఎక్కవలసినదే.

మరుసటి యేడు అసలు దారియే మూసుకొనిపోయినది. 1940 జూన్ 10న ఇటలీ యుద్ధములో దిగినది. మధ్యధరా సముద్రపు నడుమ ఇటలీ ఎట్లు చాచుకొనియుండునో బడిపిల్లలు పటములో చూచియుందురు. ఆ సముద్రము మీదుగా పోవు విమానమార్గము తెగిపోయినది. అప్పుడు టపావారు ఏమి చేసిరి? ఊరి ముందర వాగు పొంగితే మన పెద్దలు ఏమి చేసెడివారు? చుట్టు తిరిగి గట్టు దారిన పోయెడివారు. వీరును అదే చేసిరి. బ్రిటనులో వ్రాసిన ఉత్తరము ఓడలో ఆఫ్రికా ఖండపు పడమటి తీరము వెంబడి దిగి, దక్షిణ కొన చుట్టి, దర్బను రేవు చేరవలెను. అక్కడ విమానమెక్కి ఆఫ్రికా తూర్పు భాగము మీదుగా ఖార్తూము, కైరో, అక్కడ నుండి బస్రా, కరాచీ, కలకత్తా, రంగూను, సింగపూరు, చివరకు ఆస్ట్రేలియాలోని సిడ్నీ. ఈ మార్గమును పటము మీద గీసిన గుర్రపు లాడము వలె కనబడును. అందుచేత దానికి లాడపు మార్గమని పేరు వచ్చినది.

ఇప్పుడు ఆలోచించండి. ఉత్తర దిక్కు నుండి రావలసిన జాబు, ముందుగా దక్షిణమునకు వేల మైళ్ళు పోయి, మరల ఉత్తరమునకు ఎక్కి, ఆ తరువాత తూర్పునకు తిరిగి మన దేశము చేరుచుండెను. ఓడలోనే వారముల తరబడి గడిచిపోయెడివి. ఆ ఓడలు జర్మను జలాంతర్గాములకు వెరచి, దీపములార్పుకొని, గుంపులుగా పోయెడివి. కొన్ని సంచులు సముద్రము పాలయినవి. చేరిన ఉత్తరమును సెన్సారు అధికారులు విప్పి, చదివి, మరల కాగితపు పట్టీ అంటించి పంపెడివారు. మొన్న వ్రాసినది నేడు, నిరుడు వ్రాసినది రేపు చేరిన సందర్భములు కలవు. అందుచేత బుద్ధిమంతులు తమ ఉత్తరములకు ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసెడివారు. ఏడవ ఉత్తరము ముందు చేరినచో, ఆరవది దారిలో ఉన్నదని చదువువారికి తెలియును. వ్రాయలేదని నింద వేయనవసరము లేదు.

విమానములో చోటు తక్కువ, వ్రాయువారు లక్షలు. 1941లో ఇందుకొక ఉపాయము కనుగొనిరి. దాని పేరు ఎయిర్‌గ్రాఫ్. ఉత్తరమును ఒక ఫారము మీద వ్రాయింతురు. దానిని చిన్న ఫిలుము మీద ఫోటో తీసి, ఆ ఫిలుము చుట్టను మాత్రమే విమానములో పంపుదురు. చేరినచోట మరల కాగితము మీద అచ్చు తీసి పంచుదురు. 50 పౌనుల బరువుగల ఉత్తరములు ఈ విధముగా కొద్ది ఔన్సులలో ఇమిడిపోయెడివి. మొదట కైరో నుండి లండనుకు, తరువాత మన దేశమునకును ఈ పద్ధతి వచ్చినది. అదే 1941లో మధ్యప్రాచ్యములోని సైనికుల కొరకు, కవరు అవసరము లేకుండ మడిచి అంటించు పలుచని విమానపు జాబు కూడ వాడుకలోనికి వచ్చినది. మనలో కొందరు గల్ఫుకు వ్రాసిన నీలిరంగు ఏరోగ్రాము ఆ కుటుంబములోనిదే.

ఇక తూర్పు దిక్కు దుఃఖము. మన తెలుగువారు వేలకొలది బర్మాలో కూలినాలి చేసుకొని బ్రతుకుచుండిరి. రంగూను రేవులో మూటలు మోసినవారిలో తెలుగువారే అధికము. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు రంగూను మీద పడినవి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు, మార్చి 8న రంగూను వారి వశమైనవి. లాడపు మార్గము కలకత్తా దగ్గర తెగిపోయినది. అంతకు ముందు ఉత్తరములు ఆలస్యముగానైన వచ్చెడివి, ఇప్పుడు పూర్తిగా ఆగిపోయినవి. వేలమంది కాలినడకన అడవులు, కొండలు దాటి వచ్చిరి. రాలేనివారి సంగతి ఇంటివారికి తెలియలేదు. యుద్ధము విడదీసిన కుటుంబములకు రెడ్‌క్రాసువారు సందేశములు చేరవేసెడివారు. అందులో 25 మాటలకు మించి వ్రాయరాదు. కొడుకు బ్రతికియున్నాడా అని అడుగవలెనన్నను, తండ్రి పోయినాడని చెప్పవలెనన్నను 25 మాటలే! ఆ 25 మాటలలో ఎవరును కోపము వ్రాసియుండరని మా నమ్మకము. దానికి చోటు చాలదు.

మధ్యధరా మార్గము 1943 నడుమ ఓడలకు మరల తెరువబడినది. ఆ సముద్రము మూసుకొనుట అది మొదటిసారి కాదు. పూర్వకాలములో ప్రతి చలికాలమందు ఓడలు తిరుగక అది మూసుకొనుచుండెడిది. అపొస్తలుడైన పౌలు చెరసాలలో నుండి తిమోతికి వ్రాయుచు, చలికాలము రాకముందే బయలుదేరి రమ్మని వేడుకొనుటకు అర్థమిదియే. దారి మూసుకొనిన మనిషి రాలేడు. ప్రేమ లేక రాకపోవుట వేరు, దారి లేక రాకపోవుట వేరు.

ఈ మాట మేము పుస్తకములో నేర్చుకొనలేదు. మా చిన్నతనములో ఒక తప్పు చేసి నేర్చుకొంటిమి. శతవార్షిక సమయములో మన మేలులను మాత్రమే చెప్పుకొనుట న్యాయము కాదు గనుక దానిని కూడ చెప్పుచున్నాము.

1990వ సంవత్సరము. మేము అప్పుడు పై తరగతులలోనికి వచ్చిన బడిపిల్లవానిమి. మా వాడకట్టులో చదువురాని పెద్దలకు జాబులు వ్రాసిపెట్టుట మా పని. ఒక పెద్దనాయన కుమారుడు కువైటులో పనిచేయుచుండెను. రెండు నెలలుగా అతని వద్ద నుండి జాబు లేదు, డబ్బు లేదు. జులై నెలాఖరున పెద్దనాయన నీలి ఏరోగ్రాము తెచ్చి, అరుగు మీద కూర్చుండి చెప్పసాగెను. “నువ్వు మాకు కొడుకువు కాదు, మేము నీకు తల్లిదండ్రులం కాము అని రాయి” అనెను. మేము అక్షరము పొల్లు పోకుండ వ్రాసితిమి. అప్పు సంగతి, ఊరివారి మాటల సంగతి, అన్నియు వ్రాసితిమి. చివర ఆయన కండ్లు తుడుచుకొని, “అయినా సరే బిడ్డా, నీ పానం మంచిగుంటే చాలు, ఎట్లనన్న ఇంటికి రా అని రాయి” అనెను. అప్పటికి కాగితము నిండినది. అంచు మీద కొద్ది జాగా ఉన్నను, బయట మా తోటివారు ఆటకు పిలుచుచుండిరి. వ్రాసితినని చెప్పి, అంటించి ఇచ్చివేసితిమి.

ఆగస్టు 2న ఇరాకు సైన్యము కువైటులో ప్రవేశించినదని రేడియోలో వచ్చినది. ఆ దేశమునకు టపా నిలిచిపోయినది. మా కడుపులో రాయి పడినది. ఆ జాబు చేరినదా, చేరలేదా? చేరినచో, అతడు తండ్రి చివరి మాటగా దానినే పెట్టుకొని చనిపోవునా? ఎవరికిని చెప్పుకొనలేక పోతిమి. మన ప్రభుత్వము ఆ దినములలో జోర్డాను దేశపు అమ్మాను నుండి విమానములు నడిపి లక్షకు పైగా భారతీయులను ఇంటికి చేర్చినది. ఆ లక్షలో ఆ అన్న ఒకడు. బస్సులలో ఇరాకు ఎడారి దాటి, అమ్మానులో గుడారములలో పండుకొని, బొంబాయి మీదుగా సెప్టెంబరులో ఇల్లు చేరెను. చేతిలో ఒక్క సంచి. యజమాని మూడు నెలల జీతము ఇయ్యలేదని, ఏ ముఖముతో వ్రాయవలెనని ఆగి, జులైలో వ్రాసినానని చెప్పెను. ఆ జాబు నేటికిని రాలేదు.

తిరిగి వచ్చినది మా జాబు. క్రిస్మసుకు ముందు పోస్టుమ్యాను తెచ్చి, ఆ అన్న చేతికే ఇచ్చెను. టపా నిలుపబడినదని దాని మీద ముద్ర. అతడు విప్పి, వాకిట నిలువబడి చదివెను. చదివి తండ్రి చేతిలో పెట్టెను. పెద్దనాయనకు చదువు రాదు గదా, మమ్ములను పిలిచి చదువుమనెను. మేము వణకుచు చదివితిమి. ముగియగానే ఆయన, “ఇంకో మాట చెప్పిన గదరా, అదేది?” అనెను. మేము తల వంచుకొంటిమి. “జాగ లేదు, పెద్దనాయినా” అంటిమి. అన్న ఆ కాగితము తీసికొని అంచు చూపి, “గిక్కడ ఉన్నది గదా, తమ్మీ. ఇప్పుడు రాయి” అనెను. వ్రాసితిమి. అతడు దానిని మడిచి పెట్టెలో పెట్టుకొనెను. మమ్ములను ఒక్క మాట అనలేదు.

ఆ జాబు కువైటు చేరకపోవుట దేవుని దయ. మన మాటలన్నియు ఆ విధముగా తిరిగి రావు. ఫోనులో పెట్టిన కఠినమైన మాట రెప్పపాటులో చేరును. దానిని ఆపుటకు యుద్ధమును లేదు, సముద్రమును లేదు.

కనుక ప్రియులారా, మా విన్నపము కొద్దియే. జవాబు రానప్పుడు, దారి ఎక్కడ మూసుకొన్నదో ముందు విచారించండి. పట్నమునకు, గల్ఫుకు పోయిన పిల్లలు డబ్బు లేక, సిగ్గుచేత, జబ్బుచేత మౌనముగా ఉందురు. వారి మౌనమునకు మీరు అర్థము వ్రాయవద్దు. పిల్లలారా, ఏ ముఖముతో మాటలాడవలెనని ఆగవద్దు. పైసలు లేకున్నను మాట పంపండి. ఎవరికైనను వ్రాయునప్పుడు, పలుకునప్పుడు, ఇంటికి రమ్మను మాటను చివరకు ఉంచవద్దు. మొదటి వరుసలోనే వ్రాయండి. చివర జాగా ఉండునో ఉండదో.

ఈ నూరేండ్లు మన సంఘములను కలిపి ఉంచినది ఎదురుచూచుటకు ఓపిక గల పెద్దల మనస్సు. అదే మనస్సు మన ఇండ్లలో నిలుచును గాక.