ఖర్జూరం తన చేత్తో తిన్న రోజు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీరిచ్చిన జకాత్, సదఖా సొమ్ముతో మేము చేసిన ఒక పని గురించి, అందులో మా పొరపాటుతో సహా, మీకు చెప్పుకోవాలి.

సెంట్రింగ్ పనిలో పైనుంచి పడి, మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న ఒక యువకుడికి మంచం, చక్రాల కుర్చీ ఇప్పించాం. ఫోటో దిగాం. బాధ్యత తీరిందనుకున్నాం. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ రోజూ నూనె రాసి, ముడుచుకున్న వేళ్లను చాపి మర్దన చేసేవారు. అది వద్దని చెప్పగల మనిషిని మేము పంపలేదు.

నెలల తర్వాత ఫిజియోథెరపిస్టును తీసుకెళితే అసలు సంగతి తెలిసింది. మెడలో ఆరో నరం వరకు పనిచేసి ఆ కింద దెబ్బతింటే, వేళ్లు కదలవు గానీ మణికట్టు పైకి లేస్తుంది. మణికట్టు లేపితే లోపలి స్నాయువులు బిగిసి వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. వాల్చితే తెరుచుకుంటాయి. ఆ బిగువే అతనికి మిగిలిన పిడికిలి. మణికట్టును పైకి వంచి, వేళ్లను కూడా పూర్తిగా చాపి లాగితే అది సడలిపోతుంది. మేము చూస్తుండగానే అదే జరిగింది.

ఆ మర్దన మాన్పించి శిక్షణ మొదలుపెట్టించాం. మొదట అరచేతికి పట్టీ కట్టి, అందులో చెంచా దూర్చి అన్నం తినడం. తర్వాత ప్లాస్టిక్ గ్లాసు ఎత్తడం, దించడం. ఒకే పని మళ్లీ మళ్లీ, రోజూ. చేతికి స్పర్శ తెలియదు కనుక వేడి చాయ్ గ్లాసు ఇవ్వవద్దని ఇంట్లో గట్టిగా చెప్పాం.

పోయిన బిగువులో కొంతే తిరిగి వచ్చింది. చొక్కా గుండీలు ఇప్పటికీ తల్లే పెడుతుంది. కానీ ఈ రంజాన్‌లో ఇఫ్తార్ వేళ, బొటనవేలికి చూపుడువేలి పక్కకు మధ్య ఖర్జూరం ఇరికించుకొని తనే నోట పెట్టుకున్నాడు. ఆ తల్లి పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది.

1954లో ప్రమాదంలో కాళ్లు చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్, చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. 1966లో వెల్లూరులో పునరావాస కేంద్రం మొదలైంది ఆమె పట్టుదలతోనే. కుర్చీతో సాయం ముగియదని ఆమె జీవితమే చెబుతోంది.

కుర్చీ ఒక్కసారి ఖర్చు. శిక్షణ నెలల తరబడి ఖర్చు: ఫీజు, ఆటో కిరాయి, తోడు వచ్చేవారి కూలి. దీనికి ఫోటో ఉండదు. అయినా ఇకపై కుర్చీ ఇచ్చే ప్రతి ఇంటికీ మొదటి వారంలోనే ఫిజియోథెరపిస్టును పంపాలని నిర్ణయించాం. ఆ ఖర్చులో మీరూ పాలుపంచుకోవాలని కోరుతున్నాం.