మెరక ఎవరిది? పల్లం ఎవరిది?

(నవంబరు 19న దివిసీమ ఉప్పెన మృతులను తలుచుకుంటూ ఒక దళితవాడలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

1977 నవంబరు 19. ఈ తేదీ దివిసీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ రోజు సముద్రం దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచి, 10 కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చింది. సర్కారు లెక్క ప్రకారమే దగ్గర దగ్గర 10 వేల మంది పోయారు. ఆ లెక్కలో ఎక్కనివాళ్ళెందరో! ఎక్కడెక్కడి నుంచో పొట్ట చేత పట్టుకొచ్చిన కూలోడి పేరు ఏ ఊరి లిస్టులో ఉంటుంది? కుటుంబానికి కుటుంబమే కొట్టుకుపోతే వాళ్ళు తప్పిపోయారని చెప్పేదెవరు?

ఉప్పెనకు కులం లేదంటారు పెద్దలు. నిజమే, నీళ్ళకు కులం లేదు. కానీ నీరు పల్లమెరుగు. ఆ పల్లంలో ఎవరున్నారు? ఊరు మెరక మీద, మాలపల్లె, మాదిగ్గూడెం పల్లంలో. మేడలు మెరక మీద, తాటాకు పాకలు కాలవగట్టు మీద, డ్రెయిను పక్కన. ఇది దేవుడు గీసిన గీత కాదు, మనుషులు గీసిందే. గాలివాన ప్రకృతిది, చావుల్లో ఈ తేడా మాత్రం సమాజానిది.

1990 మే నెలలో మళ్ళీ పెద్ద తుఫాను వచ్చింది. బలంలో అది 1977 నాటి దానికి తీసిపోయింది కాదు. అయినా చావులు వెయ్యి లోపే. కారణం ఒక్కటే. ముందుగా హెచ్చరిక అందింది, లక్షల మందిని ఇళ్ళు ఖాళీ చేయించి తరలించారు. అంటే చావు తలరాత కాదు. కబురు అంది, కాలు కదిలితే ప్రాణం నిలబడుతుంది. ఇదీ మనం నేర్చుకోవలసిన మొదటి పాఠం.

రెండో పాఠం కూడా ఆ ఏడాదే నేర్చుకున్నాం. అప్పటికి మేము చిన్న క్లాసు పిల్లలం. మా అమ్మలు మమ్మల్ని చంకనేసుకుని పక్కా బిల్డింగుకి తీసుకుపోయారు. గదులన్నీ ఊరివాళ్ళతో నిండిపోయాయి. మా పల్లె జనం వరండాలో జల్లుకి తడుస్తూ రాత్రంతా కూర్చున్నాం. పొద్దున పులిహోర పొట్లాలు మా దాకా వచ్చేసరికి అయిపోయాయి. ఆ తర్వాత తుఫానుకి మా వాడలో ఒక ముసలమ్మ పాక వదిలి రానంది. "ఆళ్ళ గుమ్మం ముందు కూకునే కంటే నా పాకలో సత్తే మేలురా అయ్యా" అంది. ఆమెను ఎత్తుకుని తీసుకుపోవలసి వచ్చింది. మన జనం కదలరని, మూర్ఖులని ఆఫీసర్లు అంటారు. మూర్ఖత్వం కాదయ్యా, అవమానం! గాలి భయం కన్నా అవమానం భయం పెద్దదైతే మనిషి పాకలోనే ఉండిపోతాడు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడు నాగపట్నం తీరాన కూడా సహాయ శిబిరాల దగ్గర, నీళ్ళ దగ్గర దళితుల్ని వేరు పెట్టారని రికార్డయింది.

కాబట్టి మనం రెండు పనులు చేయాలి. ఒకటి ఇంట్లో, ఒకటి వాడలో.

ముందు ఇంటి పని చూద్దాం. తుఫాను ముప్పు మొదలవడానికి కనీసం 48 గంటల ముందు ఒక హెచ్చరిక, 24 గంటల ముందు ఇంకో హెచ్చరిక వాతావరణ శాఖ ఇస్తుంది. మొదటిది వినగానే మూట కట్టాలి. అటుకులు, మరమరాలు, బెల్లం, మూత బిగిసే డబ్బాలో మంచినీళ్ళు, టార్చిలైటు, అగ్గిపెట్టె, చంటిపిల్లల బట్టలు, రోజూ వేసుకునే మందులు. ఫోన్లు ఛార్జింగు పెట్టుకోవాలి. రెండో హెచ్చరిక వచ్చాక ఎదురు చూడొద్దు. వెలుతురుండగానే కదలాలి. ముసలివాళ్ళు, నిండు గర్భిణులు, వికలాంగులు ముందు పోవాలి.

కాగితాల సంగతి అన్నిటికన్నా ముఖ్యం. ఇంటి పట్టా, రేషన్ కార్డు, ఆధార్, కుల సర్టిఫికెట్, జాబ్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల మార్కుల లిస్టులు పాలిథిన్ కవర్లో చుట్టి ఒంటికి కట్టుకోండి. జెరాక్సులు మెరక ఊళ్ళో చుట్టాలింట్లో పెట్టండి. ఇల్లు పోతే మళ్ళీ కట్టుకుంటాం. పట్టా పోతే ఆ జాగా మాదని ఎవడొస్తాడో తెలియదు!

గొడ్డు గోదా, మేకల పలుపులు విప్పేయండి. కట్టేసిన పశువు ఈదలేదు. గాలి ఉన్నట్టుండి ఆగిపోతే తుఫాను పోయిందనుకుని బయటికి రావద్దు. తుఫాను కన్ను మన నెత్తి మీదుగా పోతోందన్నమాట. కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి గాలి విరుచుకుపడుతుంది. నీళ్ళు తీశాక తెగిన కరెంటు తీగ తాకొద్దు. పాము కరిస్తే మంత్రగాడి దగ్గరికి కాదు, ఆస్పత్రికే. నీళ్ళు కాచి తాగండి. విరేచనాలైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు కలిపి తాగిస్తూ ఉండండి.

ఇక వాడ పని. ప్రతి వాడలో పది మంది యువకులు, పది మంది ఆడవాళ్ళు కలిసి ఒక కమిటీ కావాలి. ఏ ఇంట్లో ఎందరున్నారు, నడవలేనివాళ్ళెవరు, పనికొచ్చి పాకల్లో ఉంటున్న వలస కూలీలెవరు, అన్నీ నోటుబుక్కులో రాయాలి. ఆ బుక్కుంటే మన శవాలు లెక్క తప్పవు, మన బతుకులూ లెక్క తప్పవు. షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో తుఫాను రోజున కాదు, ఈ వారంలోనే కనుక్కోండి. వర్షాకాలం ముందే గ్రామ సభలో అడగండి. షెల్టరులో మా వాడకు ఏ గది? మంచినీళ్ళు ఎక్కడ? ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఎక్కడ?

ఇది బిచ్చం కాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షను ఏం చెబుతోంది? సహాయంలో, పరిహారంలో కులం, మతం, ఆడా మగా తేడా చూపరాదని చెబుతోంది. మనిషి చనిపోతే కుటుంబానికి 4 లక్షల రూపాయలని 2022-26 కాలపు కేంద్ర నిబంధనల్లో ఉంది. నష్టం రాసుకునే ఆఫీసరు ఊళ్ళోనే కుర్చీ వేసుకుని కూర్చుంటే, కమిటీ పోయి వాడకు తీసుకురావాలి. కూలిన ఇల్లు చూపించాలి, ఫోటో తీయాలి, అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. నోటి మాట గాలికి పోతుంది. రసీదు నిలబడుతుంది.

కానీ మూట కట్టుకోవడం నేర్చుకుని అక్కడితో ఆగిపోతే మోసపోయినట్టే. ఎన్ని తరాలు మూటలు కడతాం? మెరక మీద ఇళ్ళ స్థలాలు కావాలి, పక్కా స్లాబు ఇళ్ళు కావాలి. రొయ్యల చెరువుల కోసం పూడ్చిన డ్రెయిన్లు తెరవాలి. సముద్రం దెబ్బను తన ఒంటి మీద కాసే మడ అడవిని నరకనివ్వకూడదు. పంట పోతే భూమి పట్టా ఉన్నవాడికి సాయం వస్తోంది. పని పోయిన కూలికి ఏమొస్తోంది? ఆ ప్రశ్న కూడా మనమే అడగాలి.

1985లో కారంచేడులో మాదిగలు మంచినీళ్ళ చెరువు పాడు చేయొద్దన్నందుకు రక్తం చిందింది. నీళ్ళ దగ్గర మన జాతికి పాత లెక్కలున్నాయి. తాగే నీళ్ళ దగ్గర గౌరవం అడిగిన మనం, ముంచే నీళ్ళ దగ్గరా అదే అడుగుదాం. ఈ రాత్రి ఇంటికి పోగానే ఒక్క పని చేయండి. కాగితాలన్నీ ఒక కవర్లో పెట్టండి. రేపు సాయంత్రం ఇదే చెట్టు కింద నోటుబుక్కు తెరుద్దాం. మొదటి పేజీలో 1977లో పోయిన మనవాళ్ళ పేర్లు, తెలిసినంత వరకు రాద్దాం. రెండో పేజీ నుంచి బతికున్న మన పేర్లు రాద్దాం.

జై భీమ్!