చౌటి నేల – పప్పు పంట



పప్పు లేని భోజనము తెలుగువానికి భోజనము కాదు. ప్రపంచమున పప్పుధాన్యములను అత్యధికముగా పండించునదియు, అత్యధికముగా భుజించునదియు భారతదేశమే. అయినను బర్మా నుండి మినుములను, ఆఫ్రికా నుండి కందులను తెప్పించుకొనక మనకు గడచుట లేదు. ఇట్టి తరుణమున మన తీరమున చౌడుబారిన నేలలను గూర్చిన చర్చ పొలముగట్లను దాటి పఠనమందిరములకును రావలెనని మా యభిప్రాయము.

కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందే తడినేలపై మినుము, పెసర చల్లుదురు. మిగిలిన తేమతోనే ఆ పైరు పెరుగవలెను. సముద్రమునకు చేరువనున్న పొలములలో నేల ఆరినకొలది అడుగుననున్న ఉప్పు పైకి వచ్చును. ఆకుల అంచులు మాడును, మొక్క గిడసబారును. ఎరువు చాలలేదని రైతు మరికొంత యూరియా చల్లును. రోగ మొకటి, మం దొకటి!

ఉప్పు చేయు హాని మూడు విధములు. నేలలో తేమ యున్నను వేరు దానిని పీల్చుకొనలేదు. సోడియము మిక్కుటమైనచో పొటాషియము, కాల్షియము మొక్క కందుట తగ్గును. మూడవది పప్పుజాతికి ప్రత్యేకము. గాలిలోని నత్రజనిని మొక్కకు సమకూర్చు రైజోబియమును 1888లో బైజెరింకు పండితుడు వేరుబుడిపెల నుండి వేరుచేసెను. ఉప్పు ఆ బుడిపెలను సరిగా ఏర్పడనీయదు. కావుననే బార్లీ, ప్రత్తి ఓర్చు ఉప్పును పెసర ఓర్వజాలదు.

చికిత్సకు ముందు మట్టిపరీక్ష అవసరము. పాలచౌడును మంచినీట కడిగి, ఆ నీటిని బయటికి పంపవలెను. కారుచౌడునకు ముందు జిప్సము వేయవలెను. దానిలోని కాల్షియము సోడియమును తొలగించిన పిమ్మట కడుగవలెను. అటుపై జీలుగు చల్లి, పూతదశలో కలియదున్నవలెను. అదియు పప్పుజాతి మొక్కయే గాని ఉప్పును ఓర్చి, నేలను గుల్లపరచి, నత్రజని నిచ్చును. అంతట రైజోబియము పట్టించిన విత్తనము నాటి, పశువుల యెరువు, భాస్వరము, లోపించినచోట జింకు అందించినచో పైరు వానిని గ్రహింపగలదు. ఉప్పు నోర్చు విత్తనమును గూడ ఎన్నుకొనవలెను. 1969లో వెలసిన కర్నాలు లవణనేలల పరిశోధనాసంస్థ ‘కర్నాలు చనా-1’ అను శనగ నిచ్చినది.

అయితే కడిగిన ఉప్పు ఎక్కడికి పోవలెను? ఇదియే అసలు ప్రశ్న. కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఉప్పుగుండూరున నేలలో మురుగుగొట్టములు వేసి, ఉప్పును తగ్గింపవచ్చునని బాపట్ల శాస్త్రజ్ఞులు చూపిరి. కాని గొట్టపునీరు చేరవలసిన మురుగుకాలువ గుఱ్ఱపుడెక్కతో పూడియున్నచో ఆ విద్య యేమి ఫలించును? ఒకని పొలమును కడిగిన నీరు పొరుగువాని పొలమున నిలుచును. ఎగువ రొయ్యలచెరువు నుండి ఊరు ఉప్పునీరు దిగువ మినుముచేనిని చెరచును. జిప్సము ఒక్కరు కొనవచ్చును. మురుగుకాలువ ఒక్కరు త్రవ్వజాలరు.

కావున పట్టణవాసులారా, ఇది రైతు గొడవ యని ఊరకుండకుడు. వానకాలమునకు ముందే మురుగుకాలువలను బాగుచేయుడని అధికారులను అడుగుడు. పంటచేల నడుమ ఉప్పునీటి చెరువులు వలదని పంచాయతీలకు విన్నవింపుడు. సాగునీటి కాలువ కొరకు గొంతెత్తువారు వేలకొలది గలరు. మురుగుకాలువ కొరకు గొంతెత్తువారే మనకిప్పుడు కావలెను.