డాలస్ నుంచి హనుమకొండకి ఎన్ని గంటలు?

ఈ వారం నా వంతు వచ్చింది. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, మాట్లాడటం కన్నా లెక్కలు వేయటం సులువు నాకు. అందుకని ఒక తప్పు లెక్క గురించి చెప్తాను.

2019 ఫిబ్రవరి. రాత్రి తొమ్మిదింటికి అమ్మ ఫోను. అక్కడ మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర. బాపు బాత్రూములో జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ చెయ్యాలన్నారు. "ఎన్ని గంటలల్ల వస్తవ్ బిడ్డా?" అని అడిగింది.

నా బుర్రలో లెక్క రెడీగా ఉంది. గ్లోబు మీద డాలస్ నుంచి హైదరాబాదుకి దారం లాగి పట్టుకోండి, అది అట్లాంటిక్ మీదుగా పోదు, ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. ఆ దారం పొడుగు సుమారు 14,400 కిలోమీటర్లు. విమానం గంటకి 900 పోతుందనుకుంటే 16 గంటలు. "రేపు పొద్దున్నకల్లా వచ్చేస్తానమ్మా" అనేశాను. అమ్మ డాక్టరుతో అదే మాట చెప్పి, కొడుకొచ్చినంక చేద్దామని ఆపింది.

ఆ దారం మీద ఎగిరే విమానమేదీ నాకు దొరకలేదు. (షికాగో నుంచి హైదరాబాదుకి ఎయిర్ ఇండియా నేరుగా నడిపింది 2021 జనవరిలో, అదీ తర్వాత ఆగిపోయింది.) దొరికిన టికెట్టు దుబాయ్ మీదుగా, మర్నాడు మధ్యాహ్నానిది. దుబాయ్‌కి పధ్నాలుగున్నర గంటలు. అక్కడ తొమ్మిది గంటల పడిగాపులు. హైదరాబాదుకి మూడున్నర. శంషాబాదులో సామాన్లు, ఆపైన హనుమకొండకి కారు. అంతా కూడితే, అమ్మ ఫోను చేసిన దగ్గర్నుంచి నలభై ఆరున్నర గంటలు! అందులో గాల్లో ఉన్నది 18.

ఈ సంగతి టికెట్టు కొన్న రాత్రే ఇంటికి చెప్పాల్సింది. నోరు రాలేదు. దుబాయ్‌లో దిగి చెప్దాం లెమ్మనుకున్నాను. దిగి ఫోను చేస్తే బావ ఎత్తాడు. "డాక్టర్ ఇంక ఆగనన్నడు, నేనే సంతకం పెట్టిన. ఇప్పుడే లోపలికి తీస్కపోయిన్రు." నా మాట నమ్మి, ఎముక విరిగిన మనిషి ఒక రాత్రంతా నొప్పితో ఎదురుచూశాడు.

శుక్రవారం పొద్దున ఏడింటికి ఆసుపత్రికి చేరాను. బాపు కళ్లు తెరిచి, "తిన్నవా?" అన్నారు.

తిరుగు ప్రయాణం ఇంకా ఎక్కువ పట్టింది. పడమటికి వచ్చేటప్పుడు ఎదురుగాలి, దుబాయ్ నుంచి డాలస్‌కి పదహారు గంటలు. ఆ పదహారు చూసి నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

బాపు ఇప్పుడు చేతికర్రతో బజారుకి పోయొస్తారు. నేను ఎప్పుడు ప్రయాణం కట్టినా అమ్మ మాత్రం ఒకటే అడుగుతుంది: "ఆకాశంల ఎన్ని గంటలో వద్దు. మన గడపల కాలు ఎప్పుడు పెడ్తవో అది చెప్పు."